కరెంటు పోయే ఆ పది సెకన్లను దాటడానికి ఏది మేలు: ఇన్వర్టరా, మినీ యూపీఎస్సా, ఫోన్ హాట్‌స్పాటా?

ఏప్రిల్ నెలాఖరున బెంగళూరులో మధ్యాహ్నం మూడు దాటాక మబ్బు పట్టిందంటే, ఇంటి నుంచి పనిచేసేవాళ్ల చూపు కిటికీ మీదికి కాక రౌటర్ మీదికి వెళుతుంది. గుల్‌మొహర్ కొమ్మ ఒకటి విరిగి తీగల మీద పడిందా, వీధి ఆ చివర నుంచి ఈ చివరకు ‘కరెంట్ హోయ్తు’ అన్న కేక వినిపిస్తుంది. లాప్‌టాప్‌కు దాని బ్యాటరీ దానికి ఉంది కనుక తెర ఆరిపోదు గానీ, మీటింగులో ఎదుటివారి ముఖాలు నోరు తెరిచినవి తెరిచినట్టే బిగుసుకుపోతాయి.

బెంగళూరు మారతహళ్లి దగ్గర మేముండే అద్దె ఇంట్లో ఈ అవస్థకు మూడు మందులూ వాడి చూశాము: ఇంటికంతా పెట్టే ఇన్వర్టర్, రౌటర్ ఒక్కదానికే పెట్టే చిన్న బ్యాటరీ పెట్టె అయిన మినీ యూపీఎస్, ఫోన్ నెట్‌ను లాప్‌టాప్‌కు పంచే హాట్‌స్పాట్. వాటిని పోల్చే ముందు రోగం ఏమిటో తేల్చుకోవాలి. ఒక రోజు గడియారం ముందు పెట్టుకుని చూస్తే, కరెంటు పోయింది తొమ్మిది సెకన్లు మాత్రమే. కానీ ఫైబర్ పెట్టె మళ్లీ లేచి, దాని పచ్చ దీపం మినుకుమినుకుమని చివరకు నిలబడి, ఆ తరువాత ఆఫీసు వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే భద్రమైన దారి) పాస్‌వర్డూ ఓటీపీ అడిగి లోపలికి రానిచ్చేసరికి ఆరు నిమిషాలు పట్టింది. జనరేటర్ ఉన్న అపార్ట్‌మెంట్ల వారిదీ ఇదే కథ. జనరేటర్ అందుకునేలోపు గడిచే ఆ కొద్ది సెకన్లలోనే రౌటర్ ఆరిపోతుంది, ఆ మీదట లిఫ్టు కదిలినా మీటింగు కదలదు. కాబట్టి గంటసేపు పోయే కరెంటును ఏది తట్టుకుంటుందని కాక, తొమ్మిది సెకన్ల కోతను ఏది దాటిస్తుందని చూడడమే నాకు సరైన కొలతగా తోచింది.

తెలుగువాళ్లమైన మనకు కరెంటు కోత అనగానే ముందు గుర్తొచ్చేది ఇన్వర్టరే. విజయవాడలోనో కడపలోనో మే నెల రాత్రి ఫ్యాను లేకుండా నిద్రపోవడం అసాధ్యం కనుక అక్కడ దానికి తిరుగులేదు. తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో ఫ్యాను అవసరం అంత తీవ్రంగా ఉండదు. 150 ఆంపియర్-అవర్ల 12 వోల్టుల బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. పది వాట్లు కూడా తాగని రౌటర్ కోసం అంత పెద్ద బ్యాటరీని మోసుకురావడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. పైగా అది 12 వోల్టులను 230 వోల్టులకు పెంచి పంపితే, రౌటర్ అడాప్టర్ ఆ 230ని మళ్లీ 12కు దించుకుంటుంది. ముక్కు ఏదంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టన్నమాట. ఇంకొక చిక్కు ఉంది. చాలా ఇన్వర్టర్లకు వెనుక వైపు ఒక చిన్న మీట ఉంటుంది. అది మామూలు స్థానంలో ఉంటే, కరెంటు నుంచి బ్యాటరీకి మారే రెప్పపాటు వ్యవధి ఫ్యానుకు తెలియదు గానీ కొన్ని రౌటర్లకు తెలిసిపోతుంది. దాన్ని యూపీఎస్ స్థానానికి మార్చుకోవాలన్న సంగతి మాకు రెండు నెలల తరువాత గాని తెలియలేదు.

వీటికి తోడు అద్దె ఇంటి కష్టాలు. యాభై కిలోలు దాటే బ్యాటరీ, అప్పుడప్పుడు పోయవలసిన డిస్టిల్డ్ వాటర్, సుమారు ఇరవై వేల రూపాయల ఖర్చు, పదకొండు నెలల అగ్రిమెంటు ముగిస్తే దాన్ని దింపించే కూలీ. ఓనరమ్మగారు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కాకపోతే ఆ తెలుగులో కన్నడ తీపి కలిసి ఉంటుంది. వైరింగ్ సంగతి ఎత్తగానే ఆమె, “ఏమన్నా పెట్టుకో అప్పా, గోడ మాత్రం కొట్టద్దు” అన్నారు. ఆ తరువాత ఇన్వర్టర్‌ను పక్కింటివారికి అమ్మేశాము.

హాట్‌స్పాట్‌కు పైసా ఖర్చు లేదు, దాని సుగుణం అంతటితో సరి. దేశంలో 5జీ 2022 అక్టోబరు 1న మొదలైంది, వేగానికి ఇప్పుడు లోటేమీ లేదు. అయితే ఆ వేగాన్ని మోసుకొచ్చే 3,300 మెగాహెర్ట్జ్ తరంగాలు కాంక్రీటు గోడలు దాటేసరికి నీరసపడతాయి. వీధిలో కరెంటు పోయిన క్షణాన వీధి మొత్తం అదే టవర్ మీద పడుతుంది. నెట్‌వర్క్ మారగానే ఐపీ అడ్రస్ (నెట్‌లో మన లాప్‌టాప్‌కు ఉండే చిరునామా) కూడా మారుతుంది కనుక వీపీఎన్ చాలాసార్లు తెగనే తెగుతుంది, అంటే తొమ్మిది సెకన్ల పరీక్షలో ఇది మొదటి మెట్టు మీదే ఓడిపోయినట్టు. ఫైబర్ తీగే తెగిన రోజున మాత్రం దీనికి సాటి లేదు.

ఇక మినీ యూపీఎస్. రెండు వేల రూపాయల లోపు దొరికే, అరచేతిలో ఇమిడే పెట్టె. అడాప్టర్ పిన్ను దానిలోకి, దాని నుంచి మరో పిన్ను రౌటర్‌లోకి. 12 వోల్టులు 12 వోల్టులుగానే వెళతాయి కనుక కరెంటు పోయిందన్న కబురే రౌటర్‌కు అందదు. నా ఓటు దీనికే. కొనేటప్పుడు మాత్రం డబ్బా మీది అంకెను చూసి మురిసిపోకూడదు. 8,800 ఎంఏహెచ్ అని రాసి ఉంటే అది లోపలి సెల్లుల 3.7 వోల్టుల లెక్క; రెంటినీ హెచ్చవేస్తే వచ్చేది ఇంచుమించు 33 వాట్-అవర్లే. ఎనిమిది వాట్లు తాగే రౌటర్‌కు అది నాలుగు గంటలు రావాలి, మార్పిడిలో పోయేది పోగా మా ఇంట్లో మూడు గంటల పైచిలుకు వచ్చింది. రెండేళ్లు గడిచేసరికి గంటన్నరకు దిగింది. ఈ ఖర్చు మళ్లీ మళ్లీ పెట్టవలసిందేనని ముందే అనుకోవడం మంచిది. రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని ఆంపియర్లని రాసి ఉందో, యూపీఎస్ అంత ఇవ్వగలదో లేదో, పిన్ను లావు సరిపోతుందో లేదో దుకాణంలోనే చూసుకోవాలి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే, దీపాలూ ఫ్యానూ ఆగకూడదనుకుంటే, అప్పుడు ఇన్వర్టర్ కొనండి. కానీ రౌటర్‌కు మినీ యూపీఎస్ విడిగా ఉండనివ్వండి.

అయితే మీ ఇంటికి వచ్చే తీగ ఏదో తెలియకుండా దీన్ని కూడా కొనవద్దు. ఎక్స్‌ఛేంజ్ నుంచి గుమ్మం దాకా ఫైబరే వస్తుంటే, దారిలో ఒక ఫైబర్‌ను పలు ఇళ్లకు చీల్చి పంచే స్ప్లిటర్లకు కరెంటు అక్కరలేదు కనుక ఇబ్బంది రాదు. చాలా భవనాల్లో ఫైబర్ డాబా మీది స్విచ్ పెట్టె దగ్గరే ఆగి, అక్కడి నుంచి ఇళ్లకు మామూలు నెట్ కేబుల్ దిగుతుంది. భవనం కరెంటు పోతే ఆ పెట్టె ఆరిపోతుంది, కింద మన రౌటర్ వెలుగుతూనే ఉన్నా నెట్ రాదు. మా చేతిలో చూసి ఓనరమ్మగారు కూడా ఒక మినీ యూపీఎస్ తెప్పించుకున్నారు. మాది నేరుగా వచ్చే ఫైబర్, వారిది డాబా మీది పాత కనెక్షన్. ఆ పై పెట్టెకు బ్యాటరీ ఎవరు పెట్టాలన్న విషయం మీద ఆమెకూ కేబుల్ అబ్బాయికీ ఇంకా పంచాయితీ నడుస్తూనే ఉంది.