పాత స్ప్లెండర్‌కి క్లచ్ కేబుల్: కంపెనీదా, లోకల్‌దా?

హీరో హోండా స్ప్లెండర్‌కి కంపెనీ కేబులే నయం. లోకల్ కేబుల్ చవకే గానీ, నిపుల్ (వైరు కొనకు ఉండే లోహపు ముద్ద) దగ్గర పోత గరుకుగా ఉంటే లివర్ రంధ్రంలో తిరగదు. తిరగకపోతే వైరు ప్రతిసారీ అక్కడే వంగి, పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. కేబుళ్లు ఎక్కువగా పోయేది ఇక్కడే. లివర్ బరువెక్కితే ముందు ఆ చివరే చూడండి.

షాపులోనే పాతదాని పక్కన పెట్టి పొడవు కొలవండి, లోపలి వైరు చేత్తో లాగితే జారాలి.

విప్పేటప్పుడు ఇంజిన్ దగ్గరి అడ్జస్టర్ నట్లు వదులు చేసి, కింది కొన ముందు తీయండి. పాత కేబుల్ కొనకు దారం కట్టి బయటికి లాగి, ఆ దారానికి కొత్తది కట్టి లాగితే అదే దారిలో వస్తుంది. హ్యాండిల్ కింద దారి తప్పిందో, బండి తిప్పినప్పుడల్లా క్లచ్ బిగుస్తుంది. నిపుల్‌కి కాస్త గ్రీజు తప్పనిసరి. చాలామంది మెకానిక్‌లు ఇదే వదిలేస్తారు.

లివర్ కొన దగ్గర ఆట (కేబుల్ బిగుసుకునేలోపు లివర్ ఖాళీగా కదిలే దూరం) 10 నుంచి 20 మి.మీ. ఉండాలి. తక్కువైతే క్లచ్ జారి ప్లేట్లు మాడతాయి, ఎక్కువైతే గేరు గట్టిగా పడుతుంది. చివరగా హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఆట మారలేదని చూసుకుని లాక్ నట్ బిగించండి.