అవలాన్‌తో మూడేళ్లు: నేను రాసిన ఓట్ల పుస్తకమే నన్ను ముంచింది

'ది రెసిస్టెన్స్: అవలాన్' 2012లో వచ్చిన ఆట. మంచివాళ్ల మధ్య దాక్కున్న ద్రోహులను పట్టుకోవాలి. నియమాలన్నీ పెట్టెలోనే ఉంటాయి కాబట్టి వాటి జోలికి ఎక్కువగా పోను. నాకు నచ్చిందల్లా ఓటు బిళ్ళలు. నాయకుడు ఒక జట్టు పేరు చెప్పగానే అందరూ తలా ఒక బిళ్ళ బోర్లించి, ఒక్కసారే తిరగేస్తారు. ఎవరు ఔనన్నదీ, ఎవరు కాదన్నదీ కళ్లెదుట పడి ఉంటుంది. ఔనన్నవాళ్లు ఎక్కువైతే ఆ జట్టు పనికి వెళుతుంది. జట్టులో ద్రోహి ఉంటే రహస్యంగా ఓటమి చీటీ వేసి ఆ పనిని చెడగొట్టవచ్చు. మంచివాళ్లు మూడు పనులు గెలవాలి. నేను ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాని. పగలంతా బస్తాలు, తూకాలు, రైతులకిచ్చే తక్‌పట్టీ చీటీలు. ఆదివారం రాత్రి హనుమకొండలో అక్కావాళ్లింట్లో చాప మీద కూర్చున్నా చెయ్యి ఊరుకోదు. పొడుగు నోటుబుక్కులో మనిషికో గడి గీసి, ప్రతి ఓటూ రాస్తాను.

మేం ఆడేది ఐదుగురం. అందులో ముగ్గురు మంచివాళ్లు, ఇద్దరు ద్రోహులు. ముగ్గురి జట్టు కట్టినప్పుడు బయట ఉన్న మంచివాడు దానికి ఔననకూడదు. ఎందుకంటే అతను పోగా మిగిలే నలుగురిలో ఇద్దరు ద్రోహులే. ఏ ముగ్గురిని ఏరినా ఒక ద్రోహి వచ్చి తీరతాడు. జట్టులో లేకుండా ఔనన్నవాళ్ల పేరు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుడతాను. పక్కింటి లెక్కల మాస్టారు ఈ చిన్న లెక్కలోనే ఎన్నిసార్లు దొరికారో! మొదటి ఏడాదంతా ఈ ఆటను మించినది లేదని దుకాణంలో హమాలీలకు కూడా చెప్పాను.

ఓటు వేసినవాళ్లు ఆలోచించి వేస్తేనే ఈ లెక్క నిలుస్తుందని తరువాత తెలిసింది. అక్క ఒకసారి కుక్కర్ కూత విని లేస్తూ చేతికందిన బిళ్ళ పెట్టేసింది. ఆ పాపానికి ఆట ముగిసేదాకా ఆమెను ద్రోహిగా నిలబెట్టాను. వరుసగా ఐదు జట్లు వీగిపోతే గెలుపు ద్రోహులదే కనుక, ఐదో ఓటుకు మంచివాళ్లు గత్యంతరం లేక ఔనంటారు. చాలాకాలం ఆ ఓట్లను కూడా అనుమానం ఖాతాలోనే జమ చేశాను.

అసలు దెబ్బ మొన్న దసరా సెలవుల్లో తగిలింది. ఎప్పటిలాగే మా ఐదో మనిషి, మేనకోడలు పాప హాస్టల్ నుంచి వచ్చింది. మొదటి జట్టు అక్క, మాస్టారు. అప్పటికి పట్టుకోడానికి ఆధారమేదీ లేదు, అయినా పాప కాదంది. ఆ జట్టు వీగిపోయి నేనూ అక్కా వెళ్లి గెలిచాం. తరువాత నేను, అక్క, బావ వెళితే ఒక ఓటమి చీటీ పడింది. ఆ జట్టుకు బయట నుంచి ఔనన్నది మాస్టారు. ఎర్ర సున్నా! అలా మాస్టారూ బావా ద్రోహులని తేల్చుకున్నాను. మూడోసారి అక్కా పాపా గెలిచారు. ఇంకొక్కటి గెలిస్తే చాలు. నేను, అక్క, పాప అని ఏడో జట్టు కట్టాను. అక్క ఇంకా తటపటాయిస్తున్నట్టు అనిపించి, పుస్తకం తీసి గట్టిగా చదివాను: "ఇప్పటికి ఆరు జట్లు. నాలుగింట్లో బావో, మాస్టారో ఉన్నారు. నాలుగింటినీ పాప కాదంది. మిగతా రెంటికీ ఔనంది. ఒక్క ఓటూ తప్పలేదు చూడు!"

అక్క నా తొడ మీద గిల్లింది. కొంచెం జరగమంటోందనుకుని జరిగాను.

ఆ జట్టూ నెగ్గింది. కానీ మూడు గెలిచాక మెర్లిన్ ఎవరో కనిపెట్టే అవకాశం ద్రోహుల్లో ఒకడైన హంతకుడికి ఉంటుంది. కనిపెడితే గెలుపు ద్రోహులదే. మంచివాళ్లలో ద్రోహులెవరో ముందే తెలిసిన మనిషి మెర్లిన్. హంతకుడు బావ. "ఆ పుస్తకం ఇటివ్వు బామ్మర్దీ," అని తీసుకుని, పాప గడి మీద వేలు పెట్టి కిందిదాకా లాగాడు. "మా అమ్మాయే." అంతే, గెలిచిన ఆట పోయింది. మెర్లిన్‌ను కాపాడాల్సిన మంచివాడు పెర్సివల్. ఆ చీటీ వచ్చిన అక్కకు విషయం ఎప్పుడో అర్థమైందట, అందుకే గిల్లింది. పాప కోపం తెచ్చుకోలేదు కానీ, "మామయ్యా, మార్కెట్లో టెండరు ధర కూడా ఇలాగే చదివి వినిపిస్తావా?" అంది.

ఆ తరువాత, పెర్సివల్‌కు మెర్లిన్‌లా కనిపించే ద్రోహి మోర్గానాను తీసి, మోర్డ్రెడ్ అనే ఇంకో ద్రోహిని పెట్టుకున్నాం. అతను మెర్లిన్‌కు కనిపించడు కనుక మెర్లిన్ ఓట్లలోనూ తప్పులు దొర్లుతాయి. పాప అయితే మెర్లిన్ చీటీ వస్తే మొదట్లోనే ఒక పాడు జట్టుకు కావాలని ఔనంటోంది. నా గళ్లలో ఇప్పుడు ఏ ఓటు నిజమో చెప్పడం కష్టం. ఆట మాత్రం మునుపటికన్నా బాగుంది.

కొనమంటారా అంటే, మాలాగా వారానికోసారి అదే ఐదుగురు కూర్చునే ఇల్లయితే కొనండి. పదిమంది దాకా ఆడవచ్చు కానీ అంతమంది ఓట్లు రాస్తూ నేను ఆడలేను. ఓటు ఎవరిదో దాచిపెట్టే ఫోను ఆటలకు అలవాటుపడ్డవారికి ఇది నిదానంగా అనిపించవచ్చు. పుస్తకం నేను మానలేదు. బావ నీళ్లకని లేచినప్పుడల్లా మూసి తొడ కింద పెట్టుకుంటున్నాను.