ఖాళీ బండిలోనే వినిపించే హోరు: పాత ఆరు చక్రాల లారీపై దీర్ఘకాల సమీక్ష

మొత్తం బరువు 16.2 టన్నులుగా నమోదైన పాత ఆరు చక్రాల లారీ ఒకదాన్ని చేతులు మారిన బండిగా కొని, విజయనగరం కేంద్రంగా చాలా ఏళ్లుగా తిప్పుతున్నాను. రామభద్రపురంలో కూరగాయలో, ఇక్కడి మిల్లుల బియ్యమో ఎత్తుకుని 26వ నంబరు జాతీయ రహదారి మీద సాలూరు దాటి, సుంకి ఘాటు ఎక్కి కొరాపుట్ వైపు వెళ్లడం, తిరుగు కిరాయి దొరకనప్పుడు ఖాళీగా దిగిరావడం దీని పని. ఇంజను బాగోగులు అందరూ రాస్తూనే ఉంటారు కాబట్టి వాటి జోలికి పోను. ఇంజను వెనక క్లచ్చి మొదలుకొని హౌసింగు (వెనక ఇరుసు మధ్యలో పళ్లచక్రాలుండే పెట్టె) దాకా ఉన్న భాగం ఇన్నేళ్ల వాడకంలో ఎలా నిలిచిందో, అందులో పుట్టిన ఒక వింత శబ్దానికి కారణం ఎలా బయటపడిందో మాత్రమే ఇక్కడ చెబుతాను.

క్లచ్చి, గేర్‌బాక్సుల గురించి ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు. బండి న్యూట్రల్‌లో నిలిచి ఉండగా పెడలు తొక్కినప్పుడు కీచుమంటే రిలీజ్ బేరింగు అయిపోవచ్చిందని, తొక్కగానే శబ్దం ఆగిపోతే గేర్‌బాక్సు ముందు బేరింగు వైపు చూడాలని ఏ డ్రైవరైనా చెబుతాడు. మా బండిలో ఆ రెండూ వయసుకు తగ్గట్టుగా వచ్చాయి, మార్పించాం. మూడో గేరులో సన్నగా ఈల ఉంది, టాప్ గేరులో లేదు. టాప్‌లో శక్తి పక్క షాఫ్టు పళ్ల మీదుగా పోకుండా నేరుగా వెనక్కి పోతుంది కనుక ఆ తేడా సహజమేనని తెలుసుకుని దాన్ని అలాగే వదిలేశాం.

అసలు కథ గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసుకు శక్తిని మోసుకెళ్లే పొడవాటి షాఫ్టుది. కమాన్లు (బండి బరువు మోసే ఉక్కు పట్టీల కట్టలు) మెత్తబడి వెనకభాగం కూర్చుంటోందని ఒక షెడ్డులో పట్టీలను తిరిగి వంపు కొట్టించి, అదనంగా పట్టీలు చేర్పించిన కొంతకాలానికి, గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల మధ్య వేగంలో అడుగునుంచి బరువైన హోరు మొదలైంది. 55 దాటితే తగ్గేది, 35కు దిగితే పూర్తిగా పోయేది. హోరు నడుస్తున్నంతసేపూ క్యాబిన్ నేల అదిరేది, గేరు రాడ్డు మీద చెయ్యి వేస్తే ఆ అదురు మోచేతి దాకా తెలిసేది. ఇంతకన్నా వింత మరొకటి ఉంది. ఆ మాట మొదట పట్టుకున్నది మా డ్రైవరు. "లోడుంటే ఊసెత్తదు బాబూ, ఖాళీ అయితేనే ఊళ పెడతాది" అన్నాడు. బరువు పడినప్పుడు అరిచే బండి ఎవరికైనా అర్థమవుతుంది కానీ బరువు దించాక అరిచే బండి ఎవరికీ అంతుపట్టలేదు.

చూపించిన చోటల్లా ఒక్కో మాట వచ్చింది. ఒకరు క్రౌన్ పినియన్, అంటే హౌసింగు లోపల షాఫ్టు తిరుగుడును చక్రాల వైపు మళ్లించే పళ్లచక్రాల జత, మార్చెయ్యమన్నారు. అది ఈ బండిలో అన్నిటికంటే ఖరీదైన రిపేరు. మరొకరు షాఫ్టును మధ్యలో పట్టి ఉంచే సెంటర్ బేరింగు విప్పి, దాని చుట్టూ ఉండే రబ్బరు చిరిగిపోయిందని చూపించి కొత్తది వేశారు. హోరు తగ్గింది, కొద్ది వారాలకే తిరిగి వచ్చింది. విప్పి చూస్తే కొత్త రబ్బరు కూడా అదే పక్క చిరిగింది. ఒకే వైపు రెండుసార్లు చిరిగిన రబ్బరు దానంతటది పాడైందని అనుకోవడానికి లేదు. మరేదో దాన్ని లాగుతోందని అక్కడే అనుమానం కలిగింది.

అప్పటినుంచి విప్పడం ఆపి వినడం మొదలుపెట్టాం. గజపతినగరం దగ్గర వాహనాలు పలచగా ఉండే తిన్నని రోడ్డు మీద ఖాళీ బండిని హోరు వచ్చే వేగానికి తీసుకెళ్లి, క్లచ్చి తొక్కి గేరు న్యూట్రల్ చేసి వదిలితే, ఇంజను నెమ్మదించినా హోరు ఆగలేదు. అంటే అది ఇంజను వేగాన్ని కాక చక్రాల వేగాన్ని పట్టుకుని నడుస్తోంది. దాంతో క్లచ్చి మీద అనుమానం పోయింది, గేర్‌బాక్సు మీద చాలావరకు తగ్గింది. క్రౌన్ పినియన్ పళ్లు అరిగితే వచ్చే ఊళ యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఒక రకంగా, వదిలినప్పుడు ఒక రకంగా ఉంటుంది. ఆ తేడా చూడటానికి సుంకి ఘాటును మించిన చోటు లేదు, ఎందుకంటే ఎక్కేటప్పుడు పళ్లకు ఒక ముఖం మీద, గేరులో దిగేటప్పుడు రెండో ముఖం మీద బరువు పడుతుంది. లోడుతో ఎక్కినా, లోడుతోనే వెనక్కి దిగినా హౌసింగు నోరెత్తలేదు. చక్రాల బేరింగులైతే మలుపుల్లో స్వరం మార్చాలి, అదీ జరగలేదు.

ఇక మిగిలింది షాఫ్టు. ఈ బండికి వేసే 10.00-20 సైజు టైరు ఒక చుట్టు తిరిగితే సుమారు 3.2 మీటర్ల దూరం సాగుతుంది. 45 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు నాలుగు చుట్లకు కొంచెం తక్కువ తిరిగితే, హౌసింగు నిష్పత్తి దాదాపు ఆరు కనుక షాఫ్టు ఇరవై మూడు చుట్ల దాకా తిరుగుతుంది. చక్రంలో లోపముంటే విడివిడిగా లెక్కపెట్టదగిన దడదడ వినిపించాలి. షాఫ్టుకు చుట్టుకు రెండు అదుర్లు వస్తే అవి సెకనుకు నలభైకి పైబడి, చెవికి ఒకే హోరుగా కలిసిపోతాయి. మాకు వినిపిస్తున్నది రెండోది.

చుట్టుకు రెండు అదుర్లు అనడానికి కారణం క్రాసు స్వభావంలోనే ఉంది. షాఫ్టు చివరల్లో వంగుతూ తిరగనిచ్చే కీలునే క్రాసు అంటారు. వంపులో తిరిగే క్రాసు, ముందు షాఫ్టు సమవేగంతో తిరుగుతున్నా, వెనక షాఫ్టును చుట్టుకు రెండుసార్లు తొందరపెట్టి రెండుసార్లు ఆలస్యం చేస్తుంది. వంపు 10 డిగ్రీలైతే ఈ హెచ్చుతగ్గు ఇటూ అటూ ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. 5 డిగ్రీలైతే అందులో నాలుగో వంతే. షాఫ్టు రెండు చివరల క్రాసుల వంపు సమానంగా ఉండి, వాటి యోకులు (క్రాసును పట్టుకునే రెండు కొమ్ముల చివరలు) ఒకే వరసలో ఉంటే ఒకటి చేసిన తేడాను రెండోది సరిచేస్తుంది. అందుకే మొదట స్లిప్ జాయింటు (షాఫ్టు పొడవు మారేందుకు ముందుకూ వెనక్కూ జారే పళ్ల అతుకు) మీది బాణం గుర్తులు చూశాం. షాఫ్టు విప్పి బిగించేటప్పుడు అక్కడ ఒక పన్ను పక్కకు జరిగినా హోరు వస్తుంది. అవి సరిగానే కలిశాయి. పైగా యోకులే తప్పి ఉంటే లోడుతో కూడా హోరు వచ్చేది.

తర్వాతి పరీక్షకు ఇసుక బస్తాలు చాలాయి. ఖాళీ బండిలో వెనక ఇరుసు మీదికి బస్తాలు పేరుస్తూ అదే రోడ్డు మీద నడిపితే, బరువు పెరిగేకొద్దీ హోరు అంచెలంచెలుగా తగ్గి, కమాన్లు సాపుగా పడిన దగ్గర పూర్తిగా మాయమైంది. సమతల నేల మీద నిలబెట్టి ఫోనులోని కోణాలు చూపే యాప్‌తో గేర్‌బాక్సు వెనక పలక, షాఫ్టు గొట్టం, పినియన్ పలక మీద కొలిస్తే, రెండు చివరల వంపుల మధ్య ఒక డిగ్రీకి మించకూడని తేడా ఖాళీ బండిలో నాలుగు డిగ్రీల దాకా ఉంది. ఇరుసును కమానుకు బిగించే యూ బోల్టులు విప్పినప్పుడు సంగతి కంటికే కనిపించింది. ఇరుసుకూ కమానుకూ మధ్య ఉండే ఏటవాలు పలకను ముందు వెనకలు మార్చి బిగించారు. దానికి తోడు చేర్చిన పట్టీలు ఖాళీ బండిని పైకి లేపి వంపును ఇంకా పెంచాయి. సెంటర్ బేరింగు రబ్బరును ఒకే పక్క చింపుతున్నది ఈ వంపే.

షెడ్డులో ఈ సంగతి ఎందుకు దొరకలేదో కూడా చెప్పాలి. వాళ్లు జాకీని ఛాసిస్ కింద పెట్టి, వెనక చక్రాలు గాలిలో తిప్పి విన్నారు. అలా ఎత్తితే ఇరుసు కిందికి వేలాడి, బాగున్న బండిలో కూడా షాఫ్టు వంపు పెరుగుతుంది. స్టాండులను ఇరుసు కిందే పెట్టి, ముందు చక్రాలకు కట్టెలు వేసి వినాలి. తిరిగే షాఫ్టు దగ్గరకు భుజం మీద తువ్వాలుతో వెళ్లే అలవాటు మా వైపు మెకానిక్కులకు ఎక్కువ, అది ప్రాణాంతకమని ఎన్నిసార్లు చెప్పినా నవ్వేస్తారు.

పలక తిప్పి వేయించి, చేర్చిన వాటిలో ఒక పట్టీ తీయించి, కొత్త సెంటర్ బేరింగు బిగించడానికి అయిన ఖర్చు క్రౌన్ పినియన్ ధరలో చిన్న భాగం. ఆ తర్వాత హోరు లేదు, రబ్బరు మళ్లీ చిరగలేదు.

ఇలాంటి పాత బండి కొనాలనుకునేవారు క్రాసుల కప్పుల చుట్టూ వేలితో తుడిచి చూడాలి. కుంకుమలాంటి ఎర్రటి పొడి అంటితే లోపల సూది బేరింగులు గ్రీజు లేక తుప్పు పట్టాయని అర్థం. నెమ్మదిగా కదిలినప్పుడు పిచ్చుక అరుపులా కిచకిచమనేది కూడా ఇవే. శ్రీకాకుళం తీరం నుంచి చేపల పెట్టెలు మోసిన బండ్లలో ఉప్పునీరు కారి ఇవి త్వరగా పోతాయి, కాబట్టి ఆ బండి ఇదివరకు ఏ సరుకు మోసిందో అడగడం అనవసరం కాదు. గ్రీజు కొట్టినప్పుడు నాలుగు కప్పుల దగ్గరా కొత్త గ్రీజు బయటికి రావాలి, మూడింట వచ్చి ఒకదాంట్లో రాకపోతే ఆ క్రాసును నమ్మకూడదు. హౌసింగు ఆయిలు తీసినప్పుడు అయస్కాంతపు బిరడాకు మెత్తని బూడిదరంగు ముద్ద అంటడం మామూలే, గోటికి గుచ్చుకునే ముక్కలు అంటితే మాత్రం మూత తీయించాలి. మా బండిలో ఇంతవరకూ ముద్దే వచ్చింది.

మొత్తం మీద ఈ బండి వెనకభాగం గట్టిదే, దానితో పనిచేసే చేతులు జాగ్రత్తగా ఉన్నంతకాలం. నాకున్న ఫిర్యాదు ఒకటి మిగిలింది. స్లిప్ జాయింటు పళ్లు అరిగి, రివర్సు నుంచి మొదటి గేరుకు మార్చినప్పుడల్లా అడుగున ఒక్కసారి టంగుమంటుంది. దాన్ని ఇప్పుడు కదిలించడం లేదు, ఈసారి క్రాసులు మార్చేటప్పుడు షాఫ్టు జతనే కొత్తది వేయిస్తాను.