ఏసీతో పాటు డక్ట్‌లూ మార్పించాం (ప్లేనో, టెక్సాస్)

మాది 2004లో కట్టిన రెండంతస్తుల ఇల్లు, పాత ఏసీ ఆర్-22 గ్యాస్‌ది. అమెరికాలో ఆ గ్యాస్ తయారీ, దిగుమతి 2020 జనవరి నుంచి ఆపేశారు కాబట్టి, కాయిల్ లీకయ్యాక రిపేర్ ఆలోచన వదిలేసి కొత్త సిస్టమ్‌కి కొటేషన్లు అడిగాం.

వచ్చినవాళ్లలో చాలామంది బయట యూనిట్ మోడల్ నంబర్‌లో 48 (అంటే 48 వేల బీటీయూ, నాలుగు టన్నులు) చూసి "నాలుగు టన్నులే మళ్లీ పెట్టేద్దాం" అని ధర చెప్పి వెళ్లిపోయారు, డక్ట్‌లు (చల్లగాలిని గదులకి తీసుకెళ్లే గొట్టాలు) ఉండే అటిక్ (పైకప్పు కింద ఖాళీ జాగా) నిచ్చెన కూడా దించలేదు! మేం పని ఇచ్చిన చిన్న లోకల్ కంపెనీ ఆయన మాత్రం గదుల కొలతలు, కిటికీలు ఏ దిక్కున ఉన్నాయి, ఇన్సులేషన్ మందం ఎంత, అన్నీ రాసుకుని మాన్యువల్ జె లెక్క (ఇంటికి ఎన్ని టన్నుల ఏసీ కావాలో తేల్చే పద్ధతి) వేస్తే మూడున్నర టన్నులు చాలని తేలింది. డక్ట్ ప్రెషర్ కూడా కొలిచారు: 0.5 అంగుళం (ఈ ప్రెషర్‌ని నీటి మట్టం అంగుళాల్లో కొలుస్తారు) దగ్గర ఉండాల్సింది మాకు దాదాపు రెట్టింపు ఉంది. ఇండియా నుంచి అమ్మావాళ్లు వచ్చినప్పుడల్లా మేడమీద బెడ్‌రూమ్‌లో ఉక్కపోతతో ఇబ్బంది పడేవాళ్లు. దానికి కారణం నలిగిపోయిన ఫ్లెక్స్ డక్ట్ (వంగే గొట్టం), సరిపోని రిటర్న్ (గదిలో గాలిని వెనక్కి ఏసీకి లాగే దారి) అని అప్పుడే తెలిసింది. మామూలు ఇళ్లలో డక్ట్‌ల గాలిలో 20 నుంచి 30 శాతం లీకుల్లోనే పోతుందని ఎనర్జీ స్టార్ (కరెంటు ఆదాపై అమెరికా ప్రభుత్వ కార్యక్రమం) వాళ్లే చెబుతారు. ఆగస్టు ఎండలో అటిక్‌ని చల్లబరచడానికి మనం కరెంటు బిల్లు కడుతున్నట్టే కదా.

కొత్త ఏసీ ఆర్-454బి అనే కొత్త రకం గ్యాస్‌ది. డక్ట్‌లన్నీ ఆర్-8 ఇన్సులేషన్‌వి (ఇది గ్యాస్ పేరు కాదు, వేడిని ఎంత ఆపుతుందో చెప్పే రేటింగ్) వేశారు, జాయింట్లకి టేప్‌తో సరిపెట్టకుండా మాస్టిక్ (లీకులు మూసే పేస్టు) పూశారు, మేడమీద ఇంకో రిటర్న్ పెట్టారు, చివర్లో లీకేజ్ టెస్ట్ చేసి రీడింగ్ చూపించారు. సిటీ పర్మిట్ కూడా వాళ్లే తీసుకున్నారు. ఇప్పుడు మధ్యాహ్నం మూడింటికి కూడా మేడమీద, కింద దాదాపు ఒకేలా ఉంటోంది, సౌండ్ కూడా బాగా తగ్గింది.

నచ్చనివి రెండున్నాయి. క్లోజెట్‌లో బట్టల మీదంతా ఇన్సులేషన్ దుమ్ము వదిలేసి వెళ్లారు, ఫోన్ చేస్తే వచ్చి వాక్యూమ్ చేశారు. ధర కూడా మాకొచ్చిన కొటేషన్లలో తక్కువది కాదు, డక్ట్ పనికే చాలా అయింది, బడ్జెట్ టైట్‌గా ఉన్నవాళ్లకి భారమే. అయినా మళ్లీ వాళ్లకే ఇస్తాను.

ఇంకో మాట, చాలా బ్రాండ్లకి యూనిట్‌ని ఆన్‌లైన్లో రిజిస్టర్ చేస్తేనే పార్ట్స్ వారంటీ 10 ఏళ్లు, లేకపోతే 5 ఏళ్లే. మాకు వాళ్లే చేసి కాపీ మెయిల్ చేశారు, మీరైతే ఫైనల్ పేమెంట్ ఇచ్చేముందే అది అడిగి తీసుకోండి.