"అన్నిటికీ ఒకటే" అని అమ్మే గ్యాప్ ఫిల్లర్ పుట్టీ కొనకండి

ఫిగర్ మోడల్స్ (కిట్ ముక్కలు అతికించి రంగులు వేసే చిన్న బొమ్మలు) చేసేవాళ్ళకు ఒక హెచ్చరిక. ముక్కల మధ్య సందులు నింపే పుట్టీ కొనేటప్పుడు అది దేనితో తయారైందో డబ్బా మీద రాసి లేకపోతే దాన్ని కొనకండి. "ప్లాస్టిక్, రెజిన్, వినైల్ అన్నిటికీ పనికొస్తుంది, ఎంత లోతు గ్యాప్ అయినా ఒక్కసారిలో నిండుతుంది, ఆరాక కుంచించుకోదు" అని ఊరించేదైతే అసలు వద్దు. నేను కొన్నదాని గురించి ఆన్‌లైన్‌లో ఇవే మాటలు రాసి ఉన్నాయి. దానివల్ల పూర్తి కావచ్చిన రెండు ఫిగర్లు దెబ్బతిన్నాయి.

ఇంటికి వచ్చింది చిన్న ప్లాస్టిక్ డబ్బా. తయారీదారు పేరు లేదు, తేదీ లేదు, లోపల ఏముందో ఒక్క ముక్క లేదు. మూత తీస్తే థిన్నర్ లాంటి ఘాటు వాసన. అది సాల్వెంట్ పుట్టీ (థిన్నర్ లాంటి ద్రావకం ఆవిరై ఆరే రకం) ఏమోనని అనుమానం వచ్చి అమ్మినవాళ్ళకు మెసేజ్ పెట్టాను. "కాదండీ, ఇది కొత్త రకం, నిశ్చింతగా వాడుకోండి" అని జవాబిచ్చారు. ఆ జవాబు అబద్ధమని తర్వాత తేలింది.

మొదటిది 1/35 స్కేల్ (అసలు సైజులో ముప్పై అయిదో వంతు) ప్లాస్టిక్ సైనికుడు. నడుము దగ్గర పై సగం, కింది సగం కలిసే చోట సన్నని గ్యాప్ ఉంటే ఈ పుట్టీ పెట్టాను. మర్నాటికి బెల్టు అంచు మెత్తబడి రూపం పోయింది. ఈ కిట్లు పాలీస్టైరీన్‌తో చేస్తారు. పుట్టీలోని సాల్వెంట్ దాన్ని కరిగిస్తుంది. ప్లాస్టిక్ సిమెంట్ అనే కిట్ జిగురు కూడా కరిగించే అతికిస్తుంది కదా అనవచ్చు. కానీ పల్చటి సిమెంట్ త్వరగా ఆవిరైపోతుంది. మందంగా పెట్టిన పుట్టీలో సాల్వెంట్ గంటల తరబడి లోపలే ఉండి ప్లాస్టిక్‌ను తినేస్తూ ఉంటుంది. ఈ స్కేల్‌లో అర మిల్లీమీటరు తేడా అంటే నిజమైన మనిషి మీద పదిహేడు మిల్లీమీటర్లకు పైనే. అందుకే ఆ బెల్టు అంత ఘోరంగా కనిపించింది.

రెండోది రెజిన్ ఫిగర్. ఇది ఇంకా బాధ పెట్టింది, ఎందుకంటే లోపం వెంటనే బయటపడలేదు. భుజానికి చెయ్యి అతికించి, చుట్టూ ఉన్న సందును నింపాను. పైన గట్టిగా ఆరింది. శాండ్ పేపర్‌తో చక్కగా అరిగింది. రంగుకు ముందు వేసే గ్రే ప్రైమర్ కొట్టినప్పుడు కూడా సీమ్ లైన్ (ముక్కలు కలిసిన గీత) ఏమీ కనిపించలేదు. రంగులన్నీ అయ్యాక, కొన్ని వారాలకు భుజం చుట్టూ సన్నటి గాడి దిగింది, ఒకచోట పగులు కూడా వచ్చింది. ఇలాంటి పుట్టీ పైపొర ముందే బిగుసుకుంటుంది. లోపలి సాల్వెంట్ నెమ్మదిగా బయటికి పోతుంటే ఆ మేరకు పుట్టీ కుంచించుకుపోతుంది. పైగా రెజిన్ పాలీస్టైరీన్‌లా కరిగి పుట్టీతో కలిసిపోదు కాబట్టి పట్టు కూడా తక్కువే.

ఫొటోలు పంపితే వచ్చిన సమాధానం: "మీరు మందంగా పూశారు". ఎంత లోతైనా ఒక్కసారిలో నిండుతుందని రాసింది వాళ్ళే! అప్పటికి రిటర్న్ గడువు దాటిపోయింది. వాళ్ళకు కలిసొచ్చేది కూడా ఇదే అనిపిస్తోంది, ఈ లోపం గడువు అయిపోయాకే బయటపడుతుంది.

సాల్వెంట్ పుట్టీ స్వతహాగా చెడ్డది కాదు. ప్లాస్టిక్ మీద గీతలకు, వెంట్రుకంత సందులకు, పల్చటి పొరలుగా వేసి ఒక్కోటీ ఆరనిచ్చుకుంటే బాగానే పనిచేస్తుంది. దాన్ని అదేనని చెప్పి అమ్మాలి, అంతే.

లోతైన గ్యాప్‌కైతే రెండు భాగాలు కలిపే ఎపాక్సీ పుట్టీ తీసుకోండి. అది రసాయన చర్యతో గట్టిపడుతుంది, ఏదీ ఆవిరై పోవాల్సిన పని లేదు, కాబట్టి దాదాపు కుంచించుకోదు. మిల్లీపుట్ లాంటివి మామూలు గది వేడిలో మూడు నాలుగు గంటల్లో గట్టిపడతాయి. ఈలోపు తడి పనిముట్టుతో నునుపు చేసుకుంటే తర్వాత అరగదీసే పని చాలా తగ్గుతుంది. దీన్ని కూడా విడి ముక్కలుగా కోసి కవర్‌లో చుట్టి అమ్మితే కొనకండి. పాతదైతే పైన గట్టి పెంకు కట్టి, కలిపినా పలుకులు మిగులుతాయి. గ్రీన్ స్టఫ్ అనే ఇంకో ఎపాక్సీ పుట్టీ నీలం, పసుపు పక్కపక్కనే ఉండే రిబ్బన్‌గా వస్తుంది, అందులో రెండూ తాకే మధ్య గీత ముందే గట్టిపడి ఉంటుంది, ఆ భాగాన్ని కోసి తీసేయాలి. పచ్చి ఎపాక్సీ కొందరి చర్మానికి పడదు, గ్లవ్స్ వేసుకోండి. రెజిన్‌ను అరగదీసేటప్పుడు తడిపి అరగదీయండి, మాస్క్ తప్పనిసరి.

ఇంకో మాట. పుట్టీ గ్యాప్ నింపడానికే, బరువు మోయడానికి కాదు. రెజిన్ చెయ్యి నిలబడాలంటే ముందు ముక్కల్ని సబ్బు నీళ్ళతో కడిగి అచ్చు నుంచి అంటిన జిడ్డు పోగొట్టాలి. తర్వాత రెండు ముక్కల్లోనూ రంధ్రం చేసి, సన్నటి ఇత్తడి తీగ దూర్చి (పిన్ చేసి) సూపర్ గ్లూ గానీ ఎపాక్సీ జిగురు గానీ వాడాలి. ప్లాస్టిక్ సిమెంట్ రెజిన్‌ను అతికించదు.

ఏ పుట్టీ కొన్నా వచ్చిన రోజే పరీక్షించండి. పనికిరాని స్ప్రూ (కిట్ ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) ముక్క మీద కొంచెం పెట్టండి. కత్తిరించి పారేసే రెజిన్ దిమ్మలో మూడు మిల్లీమీటర్ల లోతు రంధ్రం చేసి నింపండి. మర్నాడు సూదితో గుచ్చితే లోపల మెత్తగా ఉందా, స్ప్రూ జిగురుజిగురుగా అయ్యిందా చూడండి. రిటర్న్ గడువు ఉన్నంతవరకు దాన్ని పక్కనే పెట్టుకుని, నింపినచోట గుంట పడుతోందా అని గమనిస్తూ ఉండండి.

ఇలాంటిది ఇప్పటికే ఫిగర్‌కు పూసేసి ఉంటే, కంగారుపడి వెంటనే గీకకండి. మెత్తబడిన ప్లాస్టిక్ పుట్టీతో పాటే ఊడొస్తుంది. గాలి తగిలేచోట కొన్ని రోజులు వదిలేసి, గోరు గుచ్చినా గుర్తు పడనంతగా గట్టిపడ్డాక కత్తి మొనతో పుట్టీని తీసేయండి. పోయిన బెల్టు అంచు లాంటివి ఎపాక్సీతో తిరిగి మలుచుకోవచ్చు. రెజిన్ మీదైతే పగిలిన పుట్టీ మొత్తం తీసేసి, ఆ చోటును కొంచెం గరుకు చేసి, మళ్ళీ ఎపాక్సీతో నింపండి. పగులు మీద ఇంకో పొర పూస్తే కింది పొర కదిలినప్పుడు అదీ పగులుతుంది.