16.5 కోట్లా, 17 కోట్లా? బంగ్లాదేశ్ 2022 జనగణన నివేదికలపై ఒక సమీక్ష

భూగోళశాస్త్రం తరగతిలో బంగ్లాదేశ్ జనాభా ఎంత అని అడిగితే ఒక విద్యార్థి 16 కోట్ల 51 లక్షలన్నాడు, పక్క బెంచీలోని అమ్మాయి 16 కోట్ల 98 లక్షలంది. ఇద్దరూ తమ గైడ్లు తెరిచి చూపించారు. రెండింటిలోనూ సంఖ్య కింద 2022 జనగణన అనే ఉంది. నిజానికి ఇద్దరూ చెప్పింది సరైనదే. ఒకే జనగణనకు రెండు మొత్తాలు ఎలా వచ్చాయో వివరించే శ్రమ ఆ గైడ్లు పెట్టుకోలేదు కాబట్టి, బంగ్లాదేశ్ గణాంక సంస్థ మొదట వెలువరించిన ప్రాథమిక నివేదికనూ తర్వాతి సవరణ లెక్కలనూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. పాఠం చెప్పేవారికీ వ్యాసం రాసేవారికీ ఇవి ఎంతవరకు పనికి వస్తాయో చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం.

స్వతంత్ర బంగ్లాదేశ్‌లో ఇది ఆరో జనగణన. 2021లో జరగవలసింది కరోనా వల్లా, ట్యాబ్లెట్ల కొనుగోలు ఆలస్యం కావడం వల్లా వాయిదా పడుతూ వచ్చి చివరికి 2022 జూన్ 15న మొదలైంది. కాగితపు ఫారాలను పక్కన పెట్టి, మూడున్నర లక్షలకు పైగా ఎన్యూమరేటర్లు ట్యాబ్లెట్లతో ఇంటింటికీ తిరిగిన మొదటి డిజిటల్ జనగణన అది. జూన్ 21తో ముగియవలసిన పని, సిల్హెట్, సునామ్‌గంజ్ ప్రాంతాలను వరద ముంచెత్తడంతో అక్కడ 28వ తేదీ దాకా సాగింది. అంతటి వరదలో లెక్క పూర్తిచేసి, ఆ తర్వాత నెల తిరగకుండానే జులై 27న ప్రాథమిక ఫలితాలను ప్రకటించారు. ఈ వేగానికి నేను పూర్తి మార్కులు వేస్తాను. 2021లో జరగవలసిన జనగణన సమయానికి జరగని దేశంలో కూర్చుని చదివేవారికి కాస్త అసూయ కలిగినా ఆశ్చర్యం లేదు.

అయితే ఆ నివేదికను పెన్సిలు పట్టుకుని చదవాలి. అందులో మొత్తం జనాభా 16,51,58,616. పురుషులు 8,17,12,824, స్త్రీలు 8,33,47,206, హిజ్రాలు 12,629. ఈ మూడింటినీ కూడితే 16,50,72,659 మాత్రమే వస్తుంది. నా కూడికే తప్పిందనుకుని మళ్లీ చేశాను. 85,957 మంది తేడా అలాగే ఉంది. అంటే వీరంతా మొత్తంలో ఉన్నారు, లింగ విభజనలో లేరు. ఇంత పెద్ద దేశంలో ఇది చిన్న సంఖ్యే. కానీ ఈ పట్టిక మీద ఆధారపడి శాతాలు వేసుకునేవారు ఏ మొత్తాన్ని హారంగా తీసుకుంటున్నారో ముందు తేల్చుకోకపోతే పరీక్ష హాలులో ఇబ్బంది పడతారు.

రెండో మొత్తం కథ ఇంకా ఆసక్తికరం. జనగణన ముగిశాక, ఎంతమంది లెక్కకు అందకుండా పోయారో తేల్చే తనిఖీ బాధ్యతను బంగ్లాదేశ్ అభివృద్ధి అధ్యయన సంస్థకు అప్పగించారు. రెండు సంస్థలూ ప్రణాళికా మంత్రిత్వ శాఖ గొడుగు కిందివే కాబట్టి ఇది పూర్తిగా బయటివారు చేసిన తనిఖీ కాదు. అయినా లెక్కపెట్టినవారు తమ జవాబుపత్రాన్ని తామే దిద్దుకోలేదన్నది గమనించవలసిన సంగతి. 2023లో ఆ సంస్థ 2.75 శాతం మంది తప్పిపోయారని తేల్చింది. ప్రాథమిక మొత్తాన్ని 0.9725తో భాగించి చూడండి: సరిగ్గా 16,98,28,911 వస్తుంది. తుది సంఖ్య వెనుక ఉన్నది ఈ ఒక్క భాగహారమే. తప్పిపోయినవారు 46,70,295 మంది, అంటే దక్షిణాన ఉన్న బరిసాల్ డివిజన్ (కొన్ని జిల్లాలు కలిసిన పాలనా విభాగం) జనాభాలో దాదాపు సగం. 2011లో కూడా లెక్కకు వచ్చిన 14.40 కోట్లను తనిఖీ తర్వాత 14.98 కోట్లకు సవరించారు కాబట్టి, తప్పిపోయినవారి సంఖ్య ఈసారి కొంత తగ్గిందనే చెప్పాలి.

సవరించిన లెక్కలో పురుషులు 8,41,34,003, స్త్రీలు 8,56,86,784, హిజ్రాలు 8,124. ఈసారి కూడిక ఒక్కరు కూడా తేడా లేకుండా సరిపోయింది. కానీ మిగతా అన్ని వర్గాలూ పెరిగిన చోట హిజ్రాల సంఖ్య మాత్రం 12,629 నుంచి 8,124కి పడిపోయింది. జనగణనలో వారిని ప్రత్యేకంగా లెక్కించడం అదే మొదటిసారి. నలభై ఆరు లక్షల మంది కొత్తగా చేరిన లెక్కలో, మూడో వంతుకు పైగా తరిగిపోయిన వర్గం ఇదొక్కటే కావడం నాకు మింగుడు పడలేదు. ఈ ఒక్క వరుసను మాత్రం విద్యార్థులకు నమ్మకంగా చెప్పలేను.

జనసాంద్రత విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తే అవసరం. చదరపు కిలోమీటరుకు 1,119 మంది అన్న సంఖ్య అందరి నోటా వినిపిస్తుంది. అది ప్రాథమిక జనాభాను 1,47,570 చదరపు కిలోమీటర్లతో భాగించగా వచ్చినది. సవరించిన జనాభాతో అదే లెక్క చేస్తే 1,151 అవుతుంది. జనాభా పక్కన 16.98 కోట్లు, సాంద్రత పక్కన 1,119 వేసిన పుస్తకాలు రెండు వేర్వేరు లెక్కలను ఒకే గదిలో కూర్చోబెడుతున్నాయన్నమాట. పైగా ఆ విస్తీర్ణంలో పద్మ, జమున, మేఘనల నీరు కూడా ఉంది. నీటిని తీసివేస్తే మిగిలే నేల సుమారు 1.3 లక్షల చదరపు కిలోమీటర్లే కాబట్టి, మనుషులు నిజంగా కాలుమోపే నేల మీద సాంద్రత 1,300 దాటుతుంది. ఆంధ్రప్రదేశ్ కంటే చిన్నదైన దేశంలో ఇంతమంది ఉన్నారంటే తరగతిలో ఒక్క క్షణం నిశ్శబ్దం అలుముకుంటుంది. అంకెలు చేయలేని పని ఆ పోలిక చేస్తుంది.

ఈ నివేదికల్లో నాకు అన్నిటికంటే ఉపయోగపడినవి డివిజన్ల వారీ పట్టికలు. ప్రాథమిక లెక్కల ప్రకారం ఢాకా డివిజన్‌లో 4.42 కోట్ల మంది, చదరపు కిలోమీటరుకు 2,156 మంది. బరిసాల్‌లో 91 లక్షల మంది, చదరపు కిలోమీటరుకు 688 మంది. ఢాకా దక్షిణ నగరపాలక సంస్థ పరిధికి వచ్చేసరికి ఈ సాంద్రత 39,353కు చేరుతుంది. సగటు ఎంతగా కప్పిపుచ్చుతుందో చెప్పడానికి ఈ మూడు వరుసలు చాలు. బరిసాల్ పద్మకు అవతల ఉన్న ప్రాంతం. అక్కడివారు తరతరాలుగా రాత్రి లాంచీ ఎక్కి తెల్లారేసరికి ఢాకా సదర్‌ఘాట్‌లో దిగేవారు. పద్మ వంతెన ప్రారంభమైంది 2022 జూన్ 25న, అంటే మిగతా జిల్లాల్లో లెక్కింపు ముగిసిన నాలుగో రోజున. కనుక దక్షిణ జిల్లాలకు సంబంధించి ఈ జనగణన వంతెన లేని కాలపు చివరి చిత్తరువు. కాకతాళీయమే అయినా దీని విలువ తక్కువది కాదు.

పురుషులకంటే స్త్రీలు ఎక్కువగా నమోదు కావడం ఆ దేశ జనగణనల్లో ఇదే తొలిసారి. 2011లో ప్రతి 100 మంది స్త్రీలకు 100.3 మంది పురుషులుంటే, 2022లో అది 98.04కు తగ్గింది. గల్ఫ్ దేశాలకూ మలేషియాకూ ఉపాధి కోసం వెళ్లిన మగవారి సంఖ్యను పక్కన పెట్టి ఈ మార్పును చదవకూడదు. వయసుల పట్టికలో 15 నుంచి 64 ఏళ్లవారు 65.51 శాతం, 65 దాటినవారు 5.88 శాతం. ఏడేళ్లు పైబడినవారిలో అక్షరాస్యత 51.77 నుంచి 74.66 శాతానికి పెరిగింది. హిందువుల వాటా 8.54 నుంచి 7.95 శాతానికి తగ్గింది. ఎందుకు తగ్గిందన్న ప్రశ్నకు జవాబు పట్టికల్లో దొరకదు.

అసలు కారణాల కోసం ఈ నివేదికలను తెరిచేవారు నిరాశపడతారు. కుటుంబ సగటు పరిమాణం నలుగురికి దిగిందని ఇవి చెబుతాయి. 1970లలో ఆరుకు పైగా ఉన్న సంతాన రేటు (ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య) 2.3కు ఎలా దిగిందో తెలియాలంటే చాంద్‌పూర్ జిల్లాలోని మత్లబ్‌కు వెళ్లాలి. అక్కడ 1966 నుంచి ప్రతి జననాన్నీ మరణాన్నీ నమోదు చేస్తున్నారు. 1977 నుంచి మహిళా ఆరోగ్య కార్యకర్తలు గర్భనిరోధక సాధనాలను గడప దగ్గరికే తీసుకెళ్లి ఇవ్వడం వల్ల ఎంత మార్పు వచ్చిందో, ఆ సేవ అందని పక్క గ్రామాలతో పోల్చి తేల్చారు. గడప దాటి బయటకు రావడమే కష్టమైన స్త్రీల దగ్గరికి మరో స్త్రీ నడిచి వెళ్లింది. ఈ సంగతి చెప్పకుండా కుటుంబ పరిమాణం వరుసను మాత్రం చదివిస్తే పాఠం సగమే అవుతుంది.

ఐదింటికి నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. జిల్లాలనూ డివిజన్లనూ పోల్చదలచినవారికి, దశాబ్దాల మార్పును చూపదలచినవారికి ఇవి నిస్సంకోచంగా పనికి వస్తాయి. కోసేసిన ఒక నక్షత్రం హిజ్రాల వరుసకూ, 85,957 మంది తేడాకూ చెందుతుంది. తరగతిలో ఆ ఇద్దరి గైడ్లనూ తీసుకుని ఒకదానిలో సంఖ్య పక్కన ‘జులై 2022, ప్రాథమికం’ అనీ, రెండో దానిలో ‘2023, సవరించినది’ అనీ పెన్సిలుతో రాసి ఇచ్చాను.