ఉబుంటు సర్వర్‌లో బైండ్ 9: ఆర్నెల్లు వాడాక

మా ఆఫీసులో 40 దాకా సిస్టమ్‌లున్నాయి. ప్రింటర్‌కో ఐపీ, ఫైల్ సర్వర్‌కో ఐపీ, అన్నీ కాగితం మీద రాసి గోడకి అంటించుకునే బాధ పడలేక, పేరు కొడితే తెరుచుకునేలా డీఎన్ఎస్ సర్వర్ పెడదామని ఉబుంటు మీద బైండ్ 9 ఎక్కించాను. పూర్తిగా ఉచితం. 1980ల్లో బర్కిలీ యూనివర్సిటీలో పుట్టిన బైండ్‌ని మళ్లీ మొదట్నుంచీ రాసి 2000లో ఈ 9 తెచ్చారు.

ఇన్‌స్టాల్ చెయ్యడం రెండు నిమిషాల పని. మొదటి దెబ్బ ఆ తర్వాత తగిలింది. సర్వర్ మీదే కూర్చుని పేరు అడిగితే జవాబు రాదు, సర్వీసు మాత్రం నడుస్తూనే ఉంది, లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. గంట పోయాక అర్థమైంది, నేను అడుగుతున్నది బైండ్‌ని కానే కాదని. ఉబుంటులో సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డీ అని పేర్లకి జవాబు చెప్పే సర్వీసు ఇంకొకటి సిస్టమ్ లోపలి అడ్రస్ 127.0.0.53 మీద కూర్చుని ఉంటుంది, మామూలుగా అడిగిన ప్రశ్నలన్నీ ముందు దాని దగ్గరికే వెళ్తాయి. అందుకే టెస్ట్ చేసేటప్పుడు, డీఎన్ఎస్‌ని ప్రశ్నలడిగే డిగ్ కమాండ్‌లో ఎట్ గుర్తు పెట్టి మీ సర్వర్ ఐపీ ఇవ్వండి, అప్పుడే బైండ్ ఏమంటోందో తెలుస్తుంది.

ఇక జోన్ ఫైల్, అంటే మన డొమైన్‌లోని పేర్లూ వాటి ఐపీలూ రాసుకునే ఫైల్. పేరు చివర చుక్క పెట్టకపోతే బైండ్ దాని వెనకాల జోన్ పేరు మళ్లీ తగిలిస్తుంది. నేమ్ సర్వర్ లైన్లో చుక్క మర్చిపోతే, ఆ ఫైల్‌ని తనిఖీ చేసే నేమ్‌డీ-చెక్‌జోన్ వెంటనే పట్టేస్తుంది, ఆ పేరుకి అడ్రస్ లేదని చెప్పి జోన్ లోడ్ అవదని తేల్చేస్తుంది. కానీ నేను మర్చిపోయింది సీనేమ్ లైన్లో, అంటే ఒక పేరుని ఇంకో పేరుకి చూపించే లైన్లో. చెక్‌జోన్ ఓకే అంది, రీలోడ్ కూడా అయింది. మర్నాడు పొద్దున్నే మా జూనియర్ "అన్నా, ప్రింటర్ పేరుతో తెరుచుకోవట్లేదు" అని ఫోన్. డిగ్ కొట్టి చూస్తే జవాబులో మా జోన్ పేరు రెండుసార్లు పక్కపక్కనే కనిపించింది, పైన ఎన్‌ఎక్స్‌డొమైన్ అని స్టేటస్, అంటే ఆ పేరే లేదని. చుక్క పెట్టాను, పని అయిపోయింది. ఎన్‌ఎక్స్‌డొమైన్ చూడగానే కంగారు పడి ఆపేయకుండా కింద జవాబు భాగం కూడా చదవండి, తప్పు అక్కడే రాసి ఉంటుంది.

జోన్ ఫైల్ మార్చిన ప్రతిసారీ అందులోని సీరియల్ నంబర్ పెంచాలి. పెంచకపోయినా మెయిన్ సర్వర్ కొత్తది చెబుతుంది, కానీ దాని నకలు ఉంచుకునే సెకండరీ సర్వర్ పాతదే పట్టుకుని ఉంటుంది, అప్పుడు సగం సిస్టమ్‌లకి ఒక జవాబు, మిగతా సగానికి ఇంకోటి. తేదీ వేసి చివర రెండంకెలు పెట్టుకునే పద్ధతి, 2025031501 లాగా, నాకు బాగా నచ్చింది.

జోన్ ఫైళ్లని సొంత ఫోల్డర్లో పెట్టుకుందామనుకునే వాళ్లకి ఒక మాట. పర్మిషన్లన్నీ సరిగ్గా ఉన్నా బైండ్ చదవలేనంటుంది. అది బైండ్ తప్పు కాదు, ఏ ప్రోగ్రామ్ ఏ ఫైళ్లు ముట్టుకోవచ్చో కాపలా కాసే యాప్‌ఆర్మర్ ఆపుతుంది, కెర్నల్ లాగ్‌లో డినైడ్ అని కనిపిస్తుంది. బైండ్ సొంత ఫోల్డర్లలోనే ఉంచితే ఏ టెన్షన్ లేదు.

బయటి సైట్లకి సర్వ్‌ఫెయిల్ (జవాబు తేలేకపోయానని) వస్తుంటే ముందు సర్వర్ గడియారం చూడండి. టైమ్ తప్పితే, జవాబు అసలైనదేనని చూపే డీఎన్ఎస్‌సెక్ సంతకాలు చెల్లవు. డిగ్‌కి ప్లస్ సీడీ (సంతకాల తనిఖీ వద్దని చెప్పడం) తగిలిస్తే జవాబు వస్తోందంటే సమస్య ఆ తనిఖీలోనే ఉందన్నమాట.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఈ ఆర్నెల్లలో ఒక్కసారి కూడా దానంతటది ఆగిపోలేదు, చెక్ చేసే పనిముట్లు దాంతోపాటే వస్తాయి. అర మార్కు తగ్గించింది సెమీకోలన్ల కోసం, కాన్ఫిగ్ ఫైల్‌లో ఒక్కటి తగ్గినా సర్వీసు లేవదు, రీస్టార్ట్‌కి ముందు నేమ్‌డీ-చెక్‌కాన్ఫ్ కొట్టడం అలవాటు చేసుకోండి. ఇంట్లో నాలుగు ఫోన్లూ ఒక టీవీ ఉన్నవాళ్లకి ఇంత అవసరం లేదు, డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న డీఎన్ఎస్ సర్వర్ చాలు, హోస్ట్స్ ఫైల్‌లో రాసిన పేర్లే అది అందరికీ చెబుతుంది. కాకపోతే ఉబుంటులో దానికి డీఎన్ఎస్ వాడే 53 పోర్టు దగ్గర ఆ రిజాల్వ్‌డీతోనే గొడవ వస్తుంది, ముందు అది చూసుకుని మొదలుపెట్టండి.